నీటి కింద ఫోటో: ఈత వచ్చినవాడికి సగం విద్య వచ్చినట్టే

కల్వకుర్తి: సముద్రమెక్కడ, కల్వకుర్తి ఎక్కడ! నీటి అడుగున ఫోటోలు తీసే విద్యకూ, నల్లమలకు ఇవతలనున్న ఈ మెట్ట ప్రాంతానికీ సంబంధమేమిటని ఎవరికైనా సందేహం కలగడం సహజం. అయితే ఈ విద్యలో మొదటి పాఠం కెమెరాతో మొదలు కాదు, నీటితో మొదలవుతుంది. ఆ పాఠం ఒకప్పుడు పల్లెల్లో ప్రతి మోట బావి దగ్గరా కాణీ ఖర్చు లేకుండా దొరికేది. నడుముకు ఎండు సొరకాయ బుర్రో, లారీ ట్యూబో కట్టుకుని దిగిన పిల్లవాడు వేసవి సెలవులు ముగిసేసరికి బావి అడుగుకు మునిగి, పిడికెడు మట్టి తెచ్చి గడ్డ మీది వారికి చూపేవాడు. ఊపిరి బిగబట్టడం, కంగారు పడకుండా తేలడం, నీటిలో కళ్లు తెరవడం - ఈ మూడూ అక్కడే వచ్చేవి. నీటి కింద ఫోటో తీయబోయేవారికి నేటికీ తొలి పాఠాలు ఇవే.

బోర్లు వచ్చాక బావులు ఎండాయి. కొన్నింటిని పూడ్చారు, కొన్నింటిలో ముళ్లకంప పెరిగింది. బావితోపాటు ఈత కూడా పోయింది. ఇప్పుడు కల్వకుర్తి ఎత్తిపోతల పథకం కింద ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు లిఫ్టుల మీదుగా కృష్ణా నీరు జిల్లాకు వస్తోంది. కాలువల్లో, చెరువుల్లో నీరు కనబడుతోంది. నీరు వచ్చింది గాని దానితో ఈత రాలేదు. పైగా నేడు ప్రతి కుర్రవాడి చేతిలో కెమెరా ఉన్న ఫోను ఉంది. ఫోటో కోసం చెరువులో నాలుగడుగులు ముందుకు వేసి ప్రాణం పోగొట్టుకున్న యువకుల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. అందుచేత నీటి ఫోటో ఎలా తీస్తారో తెలుసుకోవడం సరదా కోసమే కాదు. నీరు మనిషి కంటిని ఎలా మోసం చేస్తుందో తెలుసుకోవడం కూడా.

తడిసిపోయిన తొలి ఫోటో

ఈ విద్యకు 170 ఏళ్ల చరిత్ర ఉంది. 1856లో ఇంగ్లండ్‌లోని వేమౌత్ తీరంలో విలియం థామ్సన్ అనే న్యాయవాది ఒక పెట్టెకు ముందువైపు అద్దం బిగించి, అందులో కెమెరా పెట్టి, పడవ మీది నుంచి 18 అడుగుల లోతుకు దించాడు. తాడు లాగితే పెట్టె మూత తెరుచుకునే ఏర్పాటు చేసుకున్నాడు. సుమారు 10 నిమిషాలు వెలుతురు పడనిచ్చి పైకి లాగాడు. పెట్టెలోకి నీరు కారింది. అయినా అడుగున ఉన్న రాళ్లూ, నాచూ మసకగా పలక మీద పడ్డాయి. వంతెన స్తంభాల పునాదులు నీటి కింద ఎలా ఉన్నాయో మనిషి దిగకుండానే చూడడానికి ఇది పనికి వస్తుందన్నది ఆయన ఆలోచన. ఆయన దిగలేదు, కెమెరానే దించాడు. ఇది గుర్తుంచుకోదగ్గ విషయం.

తానే నీటిలోకి దిగి తీసినవాడు ఫ్రాన్సు దేశపు జీవశాస్త్రవేత్త లూయీ బూతాన్. 1893లో బాన్యూల్ అనే సముద్రతీర గ్రామం దగ్గర, ఇత్తడి టోపీతో కూడిన బరువైన దుస్తులు వేసుకుని ఆయన అడుగున నిలబడి ఫోటోలు తీశాడు. కెమెరాకు నీరు చొరని పెట్టెను తయారు చేయడంలో ఆయన సోదరుడు తోడ్పడ్డాడు. ఆనాడు ఒక్క ఫోటోకు అరగంట వరకు కదలకుండా వేచి ఉండవలసి వచ్చేదంటే ఆ ఓపిక ఎంతటిదో ఊహించవచ్చు.

రంగుల ఫోటో రావడానికి మరో ముప్పై మూడేళ్లు పట్టింది. 1926లో అమెరికాలోని ఫ్లోరిడా తీరానికి ఆవల విలియం లాంగ్లీ, చార్లెస్ మార్టిన్ అనే ఇద్దరు నీటి మీద తెప్పలో మెగ్నీషియం పొడి పేర్చి, దాన్ని పేల్చి, ఆ మెరుపు వెలుగులో ఒక చేప రంగుల ఫోటో తీశారు. పెళ్లి ఫోటోలకు స్టూడియో వారు వాడిన ఫ్లాష్‌కు ఇది పెద్దన్న అనవచ్చు. 1943లో ఫ్రాన్సులోనే జాక్ కుస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు వీపున మోసుకుపోయే గాలి సిలిండరు పరికరాన్ని రూపొందించడంతో, పైనుంచి గొట్టం ద్వారా గాలి అందించే అవసరం లేకుండా మనిషి చేపలా తిరగగలిగాడు. పెట్టె అవసరం లేకుండా నేరుగా నీటిలో ముంచే కెమెరా 1963లో నికోనోస్ పేరుతో బజారుకు వచ్చింది.

పన్నెండు అడుగులు తొమ్మిదిగా కనబడతాయి

నీటి ఫోటో నేర్చుకునేవారికి కంటి మోసం గురించి చెప్పడం మొదటి పని. నిండు బిందెలో అడుగున పడిన రూపాయి బిళ్ల పైకి తేలినట్టు కనిపించడం అందరికీ తెలిసిందే. నీటి నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుతురు వంగడమే దీనికి కారణం. నిలబడి నిటారుగా చూస్తే 12 అడుగుల లోతు 9 అడుగులుగానే కనబడుతుంది. గట్టు మీది నుంచి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువగా తోస్తుంది. అడుగు కనిపిస్తోంది కదా, నడుము లోతే ఉంటుంది కదా అని దిగినవాడికి తల మునిగిపోయేది ఇందుకే. తేట నీరు మురికి నీటికంటె ఎక్కువ మోసం చేస్తుందని పెద్దలు అనేది ఊరికే కాదు.

నీటిలో కళ్లు తెరిస్తే అంతా మసకగా ఉండడానికీ కారణం ఇదే. మన కన్ను గాలిలో చూడడానికి అమరినది. కంటి ముందు కాస్త గాలి నిలిపే అద్దం పెట్టుకుంటే చూపు తేటపడుతుంది. అయితే ఆ అద్దంలోంచి ప్రతి వస్తువూ ఉన్నదానికంటె మూడోవంతు పెద్దదిగా, నాలుగోవంతు దగ్గరగా అగుపిస్తుంది. కొత్తగా దిగినవాడు చేపను ముట్టుకోబోతే చేయి అందదు. కెమెరాకూ ఇదే చిక్కు. అందుకే ఈ పని చేసేవారు వెడల్పుగా చూసే కటకాలు వాడతారు, కెమెరా ముందు బుడగలా ఉబ్బిన గాజు బిగిస్తారు.

ఎరుపును మింగే నీరు

రెండో మోసం రంగులది. నీరు రంగులను ఒక్కొక్కటిగా మింగుతుంది. మొట్టమొదట పోయేది ఎరుపు. 15, 20 అడుగుల లోతుకు పోయేసరికి ఎర్ర గుడ్డ మాసిన మట్టి రంగుకు తిరుగుతుంది. ఇంకా దిగితే నారింజ, పసుపు రంగులు పోతాయి. చివరికి మిగిలేది నీలం. 60 అడుగుల లోతున వేలు తెగితే నెత్తురు ఎర్రగా కాక నల్లగా, పచ్చగా కనబడుతుంది. సముద్రం ఫోటోలన్నీ నీలంగా ఉండడం, నాచు పట్టిన చెరువు ఫోటోలు ఆకుపచ్చగా ఉండడం ఇందువల్లనే. పోయిన ఎరుపు తిరిగి రావాలంటే పక్కనుంచి సొంత వెలుతురు వేయాలి, లేదా కెమెరాకు ఎర్ర అద్దం తగిలించాలి.

మూడోది నలకల బాధ. రాత్రిపూట దుమ్ము లేచిన బాటలో మోటారు సైకిలు లైటు వేస్తే ముందున్న దారికి బదులు దుమ్మే తెల్లగా మెరుస్తుంది. నీటిలో కెమెరా మీద ఉన్న ఫ్లాష్ వేసినా అంతే. ఒండ్రు రేణువులన్నీ మంచు కురిసినట్టు ఫోటో నిండా పడతాయి. కాబట్టి లైటును కెమెరాకు దూరంగా, పక్కకు పట్టుకోవాలి. దీనికి తిరుగులేని ఉపాయం మరొకటి ఉంది: చేపకు దగ్గరగా పోవాలి, పోయాక ఇంకా దగ్గరగా పోవాలి. మధ్యలో నీరు ఎంత తక్కువ ఉంటే ఫోటో అంత తేట. దూరం నుంచి తీసిన నీటి ఫోటో బాగా రావడం అరుదు. పైనుంచి కిందికి కాక, కింది నుంచి పైకి చూస్తూ తీస్తే వెలుతురు కలిసి వస్తుంది.

దిగకుండానే తీసే దారి

ఇంతకూ పల్లెలో ఉండే కుర్రవాడు ఎక్కడ మొదలుపెట్టాలి? థామ్సన్ చేసిన పనితోనే మొదలుపెట్టవచ్చు. ఇళ్లలో రంగు చేపలు పెంచే చిన్న గాజు తొట్టి ఒకటి చాలు. ఖాళీ తొట్టిని చెరువు మెట్ల దగ్గర, మోకాటి లోతు దాటకుండా, అయిదారు అంగుళాల మేరకు నీటిలోకి నొక్కాలి. ఫోనును లేదా కెమెరాను తొట్టి లోపల, కన్ను గాజుకు ఆనేట్టు నిటారుగా పెట్టాలి. వెలుతురు ప్రతిఫలించకుండా పైన నల్ల గుడ్డ కప్పాలి. నీరు తొట్టిని పైకి నెడుతుంది కనుక ఇద్దరు పట్టుకోవాలి. కెమెరా తడవదు, మనిషి మునగడు, ఫోటో మాత్రం నీటి లోపలిదే.

వేళ కూడా చూసుకోవాలి. వానలు పడి కొత్త నీరు వచ్చినప్పుడు చెరువు ఎర్రగా ఉంటుంది; అప్పుడు ప్రయత్నం దండగ. ఒండ్రు అడుక్కు దిగాక, గాలి లేని రోజున, పశువులు దిగి కలచకముందు, ఎండ నిలువుగా పడే వేళకు దగ్గరగా తీస్తే మేలు. సముద్రపు పగడాలు లేవని చిన్నబుచ్చుకోనక్కరలేదు. తామర కాడలు కింది నుంచి చూస్తే చిన్న అడవిలా ఉంటాయి. కప్ప గుడ్ల జిగురు దండలు, తోకకప్పలు, నీటి మీద నడిచే పురుగులు, నత్తలు అన్నీ చేతికందే దూరంలోనే ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమట్ట మన కుంటల్లోదే. గాలి పీల్చడానికి అది నీటిపైకి వచ్చి పోతుంది. ఎర్రని పిల్లల గుంపును తల్లిదండ్రులు కాపలా కాస్తూ తిరగడం చేపలు పట్టేవారందరూ ఎరిగిందే. దాన్ని నీటి లోపలి నుంచి ఫోటో తీయగలిగితే అదే గొప్ప చిత్రం.

నీటిలో పెట్టదలచిన కెమెరాకు గట్టి ప్లాస్టిక్ తొడుగులు దొరుకుతాయి. తొడుగుకు ప్రాణం దాని అంచున ఉండే రబ్బరు చుట్టు. దాని మీద ఒక్క వెంట్రుకో, ఇసుక రేణువో ఉన్నా నీరు చొరబడి కెమెరా పోతుంది. అందువల్ల మొదటిసారి కెమెరా లేకుండా లోపల పొడి కాగితం పెట్టి బకెట్టులో ముంచి చూడాలి. కాగితం తడవకపోతేనే కెమెరా పెట్టాలి. ఫోను తడిసినా చెడదని ప్రకటనల్లో చెప్పే మాట నిలకడగా ఉన్న మంచినీటికి, కొద్ది లోతుకు, కొద్ది నిమిషాలకు మాత్రమే వర్తిస్తుంది. పాతబడ్డ ఫోనుకు, పగిలి అతికించిన అద్దానికి ఆ భరోసా లేదు.

బోరు కెమెరా, మునిగిన గుళ్లు

నీటి కింద కెమెరా మన రైతులకు కొత్త కూడా కాదు. బోరులో మోటారు ఇరుక్కున్నా, కేసింగు పగిలినా, ఊట ఎక్కడ ఉందో తెలియకపోయినా కేబులుకు కట్టి దించే బోరు కెమెరా అదే కుటుంబానికి చెందినది. దాని కంటి చుట్టూ ఉంగరంలా చిన్న దీపాలు ఉంటాయి. పైన తెర మీద రాతి చీలికలు, కారే నీటి ధార కనబడతాయి. వంతెనలు, ఆనకట్టల పునాదుల తనిఖీకి కూడా ఇటువంటి కెమెరాలే వాడతారు. థామ్సన్ కన్న కల ఇదే.

పురావస్తు శాఖల వారికీ ఈ విద్య అక్కరకు వచ్చింది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఆధ్వర్యంలో డాక్టర్ ఎస్.ఆర్. రావు 1983 నుంచి గుజరాత్‌లోని ద్వారక దగ్గర సముద్రంలో పరిశోధనలు జరిపి, అడుగున పడి ఉన్న రాతి లంగరులను, కట్టడపు రాళ్లను నమోదు చేయించారు. ఇది వినగానే కృష్ణా తీరపు వారికి తమ ఊళ్లు గుర్తుకు రాక మానవు. శ్రీశైలం జలాశయం కింద 1980ల ఆరంభంలో సుమారు నూరు గ్రామాలు మునిగాయి. సోమశిల, జటప్రోలు గుళ్లను రాయి రాయి విప్పి గట్టుకు తెచ్చి తిరిగి కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురం చేరింది. ఆవలి ఒడ్డున సప్తనదుల సంగమం వద్ద ఉన్న సంగమేశ్వరాలయం మాత్రం ఏటా నీట మునిగి, మట్టం తగ్గినప్పుడు బయటపడుతోంది.

మునిగి ఉన్న ఆ గోడలను నీటి కిందే ఫోటో తీయవచ్చు కదా అని ఉత్సాహవంతులకు తోచవచ్చు. వరద రోజుల్లో కృష్ణా నీరు ఒండ్రుతో నిండి ఉంటుంది. చాచిన చేయి కూడా కనబడదు. పాత గోడలు, చెట్ల మోళ్లు, చేపల వలలు అడుగున ఉంటాయి. వల కాలికి తగులుకుంటే ఎంతటి ఈతగానికైనా బయటపడడం కష్టం. నీరు తగ్గినప్పుడు వెళ్లి గట్టు మీది నుంచి ఫోటో తీసుకోవడమే వివేకం.

సముద్రానికి పోదలచినవారు

ఈత బాగా వచ్చి, విద్యను సాగించదలచినవారు సముద్రానికి పోక తప్పదు. విశాఖపట్నంలో రుషికొండ వద్ద, పుదుచ్చేరిలో, కర్ణాటకలోని మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవి వద్ద గాలి సిలిండరుతో మునగడం నేర్పుతున్నారు. నీటి తేటదనం మాటకు వస్తే లక్షద్వీపాలు, అండమాన్ దీవులు మేలైనవి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగువారు తరతరాలుగా స్థిరపడి ఉన్నారు కనుక భాషకు ఇబ్బంది లేదు. సముద్రంలో ఈదే ఏనుగుగా లోకప్రసిద్ధి పొంది 2016లో మరణించిన రాజన్‌ను నీటి కింది నుంచి ఫోటో తీయడానికి దేశదేశాల వారు వచ్చింది ఆ దీవులకే.

ప్రాథమిక శిక్షణ సాధారణంగా మూడు నాలుగు రోజులు ఉంటుంది. పది సంవత్సరాలు నిండినవారిని చేర్చుకుంటారు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి. ఏడెనిమిది అడుగులు దిగేసరికే చెవులు నొప్పి పెడతాయి; ముక్కు మూసి మెల్లగా గాలి ఊదితే సర్దుకుంటాయి. 33 అడుగుల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెండింతలు అవుతుంది. సిలిండరు గాలి పీల్చేవారు ఎన్నడూ ఊపిరి బిగబట్టరాదు. పైకి వచ్చేకొద్దీ ఆ గాలి ఊపిరితిత్తుల్లో ఉబ్బి ప్రాణం తీస్తుంది. బావి ఈతలో నేర్చిన అలవాటును ఇక్కడ మానుకోవాలి. కెమెరాను తొలి రోజునే చేతికి ఇవ్వరు. చేతులు ఆడించకుండా నీటిలో ఉన్నచోటనే నిలకడగా తేలడం వచ్చాకనే ఇస్తారు. అడుగున కాలు ఆనితే మట్టి లేచి ఫోటో పాడవడమే గాక, వందల ఏళ్లుగా పెరిగిన పగడాలు విరుగుతాయి. వన్యప్రాణి చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది. వాటిని విరిచి తెచ్చుకోవడం నేరం.

మరువరానివి

ఒంటరిగా నీటిలో దిగరాదు. ఒకరు దిగితే ఒకరు గడ్డ మీద తాడు పట్టుకుని ఉండాలి. మునిగే ముందు గబగబా పది ఇరవై సార్లు ఊపిరి తీస్తే ఎక్కువసేపు ఉండగలమని కొందరు పిల్లలు పందాలు వేసుకుంటారు. ఇది చాలా ప్రమాదం. ఊపిరి తీయమని శరీరం చేసే హెచ్చరిక దీనివల్ల ఆగిపోయి, పెనుగులాట కూడా లేకుండా నీటిలోనే స్పృహ తప్పుతుంది.

మోటారు ఉన్న బావిలో దిగేముందు కరెంటు పూర్తిగా తీసివేయించాలి. తీగ ఎక్కడ తెగినా నీరంతా షాకు కొడుతుంది. ఏళ్ల తరబడి వాడని బావిలో చెడు గాలి నిలిచి ఉంటుంది కనుక అసలే దిగరాదు. తూముల దగ్గర, కాలువ గేట్ల దగ్గర, ఎత్తిపోతల పంపుల దగ్గర నీటి లాగుడు పైకి కనబడదు. అక్కడ ఫోటో మాటే తలపెట్టరాదు. ఎవరైనా మునుగుతుంటే ఈత రానివారు దూకితే ఒకరికి ఇద్దరు పోతారు. తాడు, ట్యూబు, ఖాళీ డబ్బా, చివరకు చీరె కొంగయినా విసరాలి.

ఊరి పెద్దలు పూనుకుంటే మెట్లు గట్టిగా ఉన్న ఒక బావిని శుభ్రం చేయించి, ఈత వచ్చిన పెద్దవారిని తోడుంచి వేసవిలో పిల్లలకు ఈత నేర్పించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. అందులో ఒకరో ఇద్దరో రేపు కెమెరా పట్టి అండమాన్ దాకా పోవచ్చు. మిగతావారు ఫోటోలు తీయకపోయినా, ఊరి చెరువు నిండిన నాడు ఇంట్లో తల్లిదండ్రులకు ఆ బెంగ ఉండదు.